ఆర్మాస్ రాసిన రసీదులు

మిస్కో పాయింట్, మిషిగన్
సెప్టెంబరు 12

ఒరేయ్ ఐనార్,

నిన్న ఫోన్లో అరగంట అరిచాను. పక్కింటి కుక్క విని మొరిగింది గానీ నువ్వు మాత్రం వినలేదు. చెవికి మిషను పెట్టించుకోరా అంటే డెబ్బై ఏళ్ళకే ముసలాణ్ణి చేస్తావా అంటావు. సరే, నీ ఇష్టం. తపాలా బిళ్ళలు ఒక చుట్ట కొన్నాను, ఇక మన మాటలన్నీ ఉత్తరాల్లోనే.

సంగతేమిటంటే, కారు డీలరు దగ్గర్నుంచి ఎవరో కుర్రాడు ఫోను చేశాడు. "అమ్మగారూ, మీ కారు మా దగ్గరికి ఒక్కసారి కూడా సర్వీసుకి రాలేదు. బయట చేయిస్తే వారంటీకి ఇబ్బంది రావచ్చండీ" అని ఎంత తియ్యగా చెప్పాడో! అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇంజను మీద అయిదేళ్ళు, లేదా అరవై వేల మైళ్ళు కంపెనీదే పూచీ అని కొన్నప్పుడు చెప్పారు. మూడేళ్ళే అయింది, నలభై రెండు వేలే తిరిగింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నలభై మైళ్ళు వెళ్ళాలి, నలభై మైళ్ళు రావాలి. ఆ కారు మూలపడితే నేనూ మూలపడ్డట్టే, ఊరికే అనడం లేదు. ఇంజను పోతే కొత్తది కొనే స్తోమత నాకు లేదు.

నువ్వు ఇరవై రెండేళ్ళు అదే డీలరు కౌంటరులో కూర్చున్నావు కదా. నిజం చెప్పు. బయట చేయిస్తే వారంటీ పోతుందా? ఆయిలు మార్చడానికి వాళ్ళు అడిగేది బయటివాళ్ళు అడిగేదానికి మూడింతలు. కాఫీ మాత్రం ఊరికే ఇస్తారట, మహా గొప్ప!

మీ అక్క
సైమా


డులూత్
సెప్టెంబరు 20

సైమా అక్కా,

ఆ కుక్కకి నా నమస్కారాలు చెప్పు.

ముందు కడుపునిండా తిను. వారంటీ ఎక్కడికీ పోదు. సర్వీసు తమ దగ్గరే చేయించుకోవాలని డీలరు గానీ కంపెనీ గానీ నిన్ను బలవంతపెట్టడానికి వీల్లేదు, ఊరికే చేసిపెడితే తప్ప. అది ఈ దేశపు చట్టం, నేను ఆ కౌంటరెక్కకముందు నుంచీ ఉంది. నీ ఊళ్ళో మెకానిక్కు చేసినా సరే, చేతనైతే నువ్వే కారు కింద దూరి చేసుకున్నా సరే. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకం ఆయిలు పోయాలి, చెప్పిన మైళ్ళకి పోయాలి. పోసినట్టు కాగితం ఉండాలి. తేదీ, ఎన్ని మైళ్ళు తిరిగిందో ఆ అంకె, ఆయిలు రకం, ఫిల్టరు నంబరు ఆ కాగితం మీద కనబడితే దేవుడొచ్చినా ఏమీ అనలేడు. బయటివాడి పని వల్లే ఇంజను చెడిందని వాళ్ళు రుజువు చేస్తే తప్ప పూచీ తప్పించుకోలేరు.

"ఇబ్బంది రావచ్చు" అన్నాడు చూశావా, అది మా కౌంటరులో నేర్పే మాట. వస్తుంది అంటే అబద్ధమవుతుంది కాబట్టి రావచ్చు అంటారు. దానికి భయపడి నూటికి అరవైమంది బండి తెచ్చి మా దగ్గర పెట్టేవాళ్ళు.

ఇంతకీ ఎవరి దగ్గర చేయిస్తున్నావో రాయనేలేదు. రసీదులు ఉన్నాయా? ఉంటే నకళ్ళు పంపు, ఒకసారి చూస్తాను.

నీ తమ్ముడు
ఐనార్


మిస్కో పాయింట్
అక్టోబరు 8

ఐనార్,

నీ ఉత్తరం చదివి ఆ పూట చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను. నీ కడుపు చల్లగుండ.

రసీదులు లేకేం? ఆరు ఉన్నాయి. లైబ్రరీలో నకళ్ళు తీయించి ఇందులో పెట్టాను. ఇక్కడే చెరువుగట్టు రోడ్డు చివర ఒక షెడ్డులో చేయిస్తాను. మన పద్ధతి తెలుసు కదా. తలుపుకున్న సందులో తాళంచెవి, కవర్లో డబ్బు వేసి, మా ఆడపడుచు హెల్వీ ఇంటికి వెళ్ళి కాఫీ తాగి వస్తాను. వచ్చేసరికి కారు బయట ఉంటుంది, సీటు మీద రసీదు ఉంటుంది. మనిషిని పలకరించడం, నిలబడి పని చూడటం మనవాళ్ళలో ఎవరు చేశారు గనక! మన తాతలు ఫిన్లాండ్ నుంచి తెచ్చుకున్నవి రెండే, సౌనా అనే ఆవిరి స్నానం, నోరు మెదపకపోవడం.

పని మాత్రం బంగారం. నాలుగో రసీదు చూడు, "వెనక కుడి చక్రంలో మేకు, తీసేశాను" అని ఉంది. నేను చెప్పలేదు, నాకే తెలియదు. అయిదో దాంట్లో "హీటరు గొట్టం జనవరిలో పగిలేది, ఇప్పుడే మార్చాను" అని రాశాడు. జనవరిలో పగిలేదని అక్టోబరులో ఎలా తెలిసిందో అడగాలనిపించింది గానీ, అడగలేదు.

ప్రతిసారీ సీటు బాగా వెనక్కి జరిగి ఉంటుంది. పొడుగు కాళ్ళ మనిషి. కార్లో బర్చి కట్టెల పొగ వాసన వేస్తుంది, రెండు రోజులదాకా పోదు. నాకది బాగానే ఉంటుంది.

సైమా


డులూత్
అక్టోబరు 17

అక్కా,

నకళ్ళు అందాయి. ఏడు అంకెకి నడుమన అడ్డగీత. చివర "పని పూర్తి" అని, దాని కింద రెండు గీతలు. కళ్ళు మూసుకుని కూడా పోల్చగలను. ఆర్మాస్ పెల్టో కదూ?

ఆ పేరు నా దగ్గర ఎత్తొద్దని ఒకప్పుడు నేనే అన్నాను, అందుకే రాయలేదేమో. కోపం లేదులే. వాడి దగ్గర చేయిస్తే నాకేమిటి అభ్యంతరం? రసీదుల్లో వంక పెట్టడానికి వెంట్రుకంత సందు లేదు. మా డీలరు దగ్గర ఒక్కడూ ఇంత శుభ్రంగా రాసేవాడు కాదు. కంపెనీ చెప్పిన ఆయిలే, ఫిల్టరు నంబరు సరైనదే, మైళ్ళు సరిగ్గా ఉన్నాయి.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంది. రసీదు పుస్తకంలో అచ్చువేసిన నంబర్లు చూశావా? నీవి 4411 నుంచి 4416 దాకా వరసగా ఉన్నాయి. మూడేళ్ళు, ఆరు సర్వీసులు, నడుమ ఇంకొకరి కాగితం ఒక్కటీ లేదు. అంటే మూడేళ్ళలో వాడి దగ్గరికి వచ్చింది నువ్వొక్కదానివేనా? మేమిద్దరం కలిసి పని నేర్చుకున్న రోజుల్లో ఆ ఊరి బళ్ళన్నీ వాడి చేతులే కావాలనేవి.

నా గురించి ఏమైనా అడుగుతాడా? అడిగితే బాగున్నాననే చెప్పు, అంతకంటే ఏమీ చెప్పకు.

ఐనార్


మిస్కో పాయింట్
నవంబరు 28

ఐనార్,

కొంప మునిగింది. సోమవారం డయాలసిస్ నుంచి వస్తుంటే చర్చి మలుపు దగ్గర ఇంజనులోంచి ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టు చప్పుడు. పది నిమిషాల్లో ఆగిపోయింది. మంచు కురుస్తోంది, అలాగే గంటసేపు కూర్చున్నాను. ఎవరో ఆగి చూసి, లాగే బండిని పిలిచారు, అది డీలరు దగ్గరికి చేర్చింది.

ఇంజను లోపల బేరింగులు పోయాయట, కొత్త ఇంజను వెయ్యాలట. వాళ్ళు చెప్పిన మొత్తం రాయడానికి నా చెయ్యి రావడం లేదు. రసీదులు ఆరూ ముందు పెట్టాను. కౌంటరులో అబ్బాయి తిరగేసి, "ఇవి చాలవండీ. సర్వీసు చేసిన మెకానిక్కు స్వయంగా ఒక వాంగ్మూలం రాసి సంతకం పెట్టాలి, సరైన ఆయిలే పోశానని. అది లేకపోతే కంపెనీ ఒప్పుకోదు" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

ప్రస్తుతం కౌంటీ వాళ్ళ వ్యానులో వెళ్తున్నాను. మొన్న శుక్రవారం మంచుకి అది రాలేదు. ఒక్క డయాలసిస్ తప్పేసరికి కాళ్ళు దుంగలై కూర్చున్నాయి, పడుకుంటే ఊపిరాడలేదు, కుర్చీలో కూర్చునే తెల్లవార్చాను. ఇంకోసారి అలా జరిగితే ఏమవుతుందో నర్సు చెప్పింది. భయంగా ఉందిరా తమ్ముడూ. ఏం చెయ్యమంటావు?

సైమా


డులూత్
డిసెంబరు 3

అక్కా,

నీ ఉత్తరం చదివి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. వ్యాను రాని రోజున హెల్వీని బతిమాలు, షెరీఫు పోలీసు ఆఫీసుకి ఫోను చెయ్యి, ఎవరి కాళ్ళయినా పట్టుకో. ఒక్క రోజు కూడా తప్పనివ్వకు.

కాగితం సంగతి ఏముంది, ఆర్మాస్ నీ ఊళ్ళోనే ఉన్నాడు కదా. సందులో వేసి రాకుండా తలుపు కొట్టి, మనిషిని నిలబెట్టి సంతకం చేయించు. నాతో ఉన్న గొడవ నీ మీద చూపించే రకం కాదు వాడు. అవసరమైతే ఐనార్ అడిగాడని చెప్పు. లేదు, చెప్పకు. చెబితే పెట్టడేమో.

సంతకం అయిన వెంటనే నాకు రాయి.

ఐనార్


మిస్కో పాయింట్
డిసెంబరు 11

ఐనార్,

కూర్చుని చదువు.

ఆర్మాస్ లేడురా. మూడేళ్ళ కిందట మార్చిలో పోయాడు. అంత్యక్రియలయ్యాక చర్చిలో ఇచ్చే కాఫీకి యాలకుల రొట్టె నేనే చేసి తీసుకెళ్ళాను, అయిదుగురమే ఉన్నాం. నువ్వు పేరెత్తొద్దన్నావు కదా అని నీకు రాయలేదు. నేను ఈ కారు కొన్నది ఆ తరవాత జూనులో.

తరవాత ఇదంతా ఎందుకు దాచానంటే, కిడ్నీలు చెడ్డాక మతి కూడా చెడిందనుకుని నన్ను ఏ వృద్ధాశ్రమంలోనో పడేస్తావని భయం. మొదటిసారి పొరపాటే. డయాలసిస్ కొత్త, తల తిరుగుతూ ఉండేది. ముప్ఫై ఏళ్ళు మీ బావ, నేను ఆ సందులో తాళంచెవి వేసిన అలవాటు, చెయ్యి దానంతట అదే వేసేసింది. హెల్వీ ఇంట్లో కాఫీ సగం తాగాక గుర్తొచ్చింది, ఆ మనిషి పోయాడు కదా అని. కప్పు అక్కడే వదిలేసి వచ్చాను. కారు బయట ఉంది. సీటు వెనక్కి జరిగి ఉంది. రసీదు మీద ఆయిలు ఇంకా తడిగా ఉంది.

ఆ షెడ్డు కిటికీలకి చెక్కలు కొట్టేశారు. కరెంటు తీగ తెగి వేలాడుతోంది. చలికాలంలో తలుపుకి అడ్డంగా నడుమెత్తు మంచు పేరుకుని ఉంటుంది, నా కారు చక్రాల గుర్తులు దాని కిందికి వెళ్తాయి, దాని కిందనుంచి వస్తాయి. మంచు మాత్రం కదిలి ఉండదు. మొదట్లో ఇక రాకూడదనుకున్నాను. తరవాత ఆలోచించాను, ఊళ్ళో నన్ను "ఎలా ఉన్నావు" అని అడిగేవాళ్ళున్నారు గానీ నా చక్రంలో మేకు తీసేవాళ్ళు ఎవరున్నారు? మళ్ళీ వెళ్ళాను. ప్రతిసారీ ముందు రోజు భయం వేస్తుంది, అయినా వెళ్తాను.

నీ మాట ప్రకారం మొన్న వెళ్ళి తలుపు కొట్టాను. లోపల సుత్తి చప్పుడు వినిపిస్తోంది, నేను కొట్టగానే ఆగింది. ఎవరూ తియ్యలేదు. కాగితం సందులో వేసి వచ్చేశాను. ఈ పొద్దున వెళ్తే గుమ్మం ముందు మంచు మీద ఉంది. సంతకం ఉంది, నిన్నటి తేదీ ఉంది, కింద రెండు గీతలు ఉన్నాయి. చుట్టూ అడుగుల గుర్తు ఒక్కటి లేదు.

ఇది డీలరుకి ఇవ్వనా? పోయిన మనిషి సంతకమని తెలిస్తే మోసం కింద నన్ను లోపలేస్తారా? ఇవ్వకపోతే కారు లేదు, కారు లేకపోతే నా సంగతి నీకు తెలుసు.

ఇంకో మాట. మీ ఇద్దరికీ ఎక్కడ చెడిందో నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. నేను నా గుట్టు విప్పాను కదా, ఇక నువ్వు చెప్పు.

సైమా


డులూత్
డిసెంబరు 19

సైమా అక్కా,

ఆ కాగితం ఇవ్వకు. పొయ్యిలో వెయ్యకు, దాచిపెట్టు, కానీ ఇవ్వకు. అది ఎవరికీ అక్కర్లేదు. ఏ చట్టంలోనూ అలాంటి కాగితం లేదు. నాకెలా తెలుసంటే, దాన్ని పుట్టించింది నేనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుపడే మొన్న సంతకం చేయించమని రాశాను.

పద్దెనిమిదేళ్ళ కిందట లెంపి హాలా అని ఒకావిడ ఇంజను పోయిందని మా కౌంటరుకి వచ్చింది. ఆమె చేతిలో ఆర్మాస్ రసీదులు ఉన్నాయి, నువ్వు పంపినలాంటివే. పూచీ కింద చెయ్యవలసిన పని అది. కానీ బయట సర్వీసు చేయించుకునేవాళ్ళు ఆ ఏడు మరీ ఎక్కువైపోయారని మా మేనేజరు పళ్ళు నూరుతున్నాడు. మెకానిక్కు వాంగ్మూలం కావాలి అని నేనే ఒక కాగితం టైపు చేసిచ్చాను. ఆర్మాస్ అదే రోజు సంతకం చేసిచ్చాడు. అప్పుడు సంతకం చాలదు, ధ్రువీకరణ ఉన్న షెడ్డు కావాలి అన్నాను. అది కూడా అప్పటికప్పుడు పుట్టించిందే.

ఆర్మాస్ నలభై మైళ్ళు బండి తోలుకుని వచ్చాడు. రసీదు పుస్తకం కౌంటరు మీద తెరిచి పెట్టి, "నా పనిలో తప్పెక్కడుందో చూపించు ఐనార్. నువ్వూ నేనూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం, నీకు కనబడుతుంది" అన్నాడు. అంత పొడుగు మాట వాడి నోట నేను అదొక్కసారే విన్నాను. జనం చూస్తున్నారు. నేను పుస్తకం వంక చూడనైనా చూడలేదు. "కంపెనీ ఒప్పుకోదు, నా చేతుల్లో లేదు" అన్నాను. నా చేతుల్లోనే ఉంది అక్కా.

ఆర్మాస్ దగ్గర చేయిస్తే వారంటీ పోతుందని వారంలో ఊరంతా పాకింది. ఆ చలికాలానికే వాడి షెడ్డు ముందు బళ్ళు లేవు. నాకు ఆ ఏడాది మంచి ఉద్యోగి అని గోడకి తగిలించుకునే పలక ఇచ్చారు. వాడు పోయాడని నువ్వు రాసిన వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇవాళ కంపెనీకీ, రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకీ ఉత్తరాలు వేశాను. అప్పుడు ఏం చేశానో, ఎవరు చెయ్యమన్నారో, ఇప్పుడు నీ దగ్గర అడుగుతున్నది ఎలా చట్టవిరుద్ధమో అంతా రాశాను. ఆరు రసీదుల నకళ్ళు పెట్టి, ఈ పనిలో తప్పు లేదని నా పేరుతో సంతకం చేశాను. ఆ మాట నేను అనవలసింది పద్దెనిమిదేళ్ళ కిందట.

ఆర్మాస్‌కి కూడా ఒక ఉత్తరం రాశాను. పంపిస్తే ఆ సందులో వేస్తావా?

ఐనార్


మిస్కో పాయింట్
జనవరి 24

ఐనార్,

వచ్చేసిందిరా కారు! కంపెనీ మనిషి స్వయంగా వచ్చి ఇంజను విప్పించాడు. లోపల ఎంత శుభ్రంగా ఉందంటే, ఈ సర్వీసు ఎవరు చేశారో గానీ మా దగ్గర పనికి వస్తాడా అని అడిగాడు. రాడులెండి అన్నాను. బేరింగు తయారీలోనే లోపమట. కొత్త ఇంజను మొత్తం కంపెనీ ఖర్చే, నాకు ఒక్క పైసా పడలేదు. కౌంటరు అబ్బాయి నా మొహం చూడకుండా తాళాలిచ్చాడు. నిన్న డయాలసిస్‌కి నేనే నడుపుకుంటూ వెళ్ళాను. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. దారంతా పాటలు పాడాను, నా పాట సంగతి నీకు తెలుసు కదా, పోనీలే, కార్లో ఇంకెవరూ లేరు.

నువ్వు చేసిన పనికి నీ మీద చాలా కోపం వచ్చింది. నెల రోజులు ఉత్తరం రాయకుండా ఉన్నాను. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా నీ ఉత్తరం లేకపోతే నేను ఈపాటికి ఉండేదాన్ని కాదు, అదీ నిజమే.

ఆర్మాస్‌కి రాసిన ఉత్తరం మాత్రం నేను వెయ్యను. అది నువ్వే తెచ్చి వెయ్యి.

సైమా


డులూత్
ఫిబ్రవరి 16

సైమా అక్కా,

నీకు చెప్పకుండా గురువారం అక్కడికి వచ్చి వెళ్ళాను. నీ ఇంటి ముందునుంచే వెళ్ళాను, పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. నీ దగ్గర ఆగే ధైర్యం లేకపోయింది, ఏమనుకోకు.

మధ్యాహ్నం రెండింటికి షెడ్డు దగ్గర దిగాను. నువ్వు రాసినట్టే ఉంది, చెక్కలు, తెగిన తీగ, తలుపుకి అడ్డంగా నడుమెత్తు మంచు. నాకు ఫోనులో నీ అరుపే వినబడదు కదా, తలుపు దగ్గరికి రాగానే లోపల స్పానరు తిరిగే చప్పుడు స్పష్టంగా వినిపించింది. పొయ్యి మూత తీసి వేసిన చప్పుడు వినిపించింది. పారిపోదామనుకున్నాను.

కవరు సందులో పెట్టాను. నేను ఇంకా వదల్లేదు, అవతలి కొసని ఎవరో పట్టుకున్నారు. గట్టిగా లాగలేదు. కౌంటరు మీంచి కాగితం అందుకున్నట్టు, మెల్లగా, నేను వదిలేదాకా ఆగి తీసుకున్నారు.

అక్కడే నిలబడ్డాను. నిలబడి పని చూడకూడదని మనవాళ్ళంటారు, నాకు తెలుసు. చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపో చెప్పలేను, కాళ్ళకి స్పర్శ పోయింది. "ఆర్మాస్, నేను" అన్నాను. "నీ పనిలో తప్పు లేదు, ఎప్పుడూ లేదు, నాకు అప్పుడే తెలుసు" అన్నాను. గట్టిగానే అన్నాను, ఏడుస్తూ అన్నాను.

తరవాత సందుకున్న రేకు మూత పైకి లేచింది. కవరు బయటికి వచ్చింది. నా చేతిలోకి తోసి, రేకు మూసేశారు. మళ్ళీ స్పానరు చప్పుడు మొదలైంది.

వాడు కవరు తెరవనేలేదు అక్కా. అతికించింది అతికించినట్టే ఉంది, దాని మీద ఒక మూల నల్లటి బొటనవేలి ముద్ర. నువ్వు మాత్రం కొత్త ఇంజనుకి సర్వీసు అక్కడే చేయించుకో, నీకు అక్కడ ఏ లోటూ జరగదు. నేనైతే ఇంటికి వచ్చి, దాన్ని చింపి, అసలు ఏం రాశానో నేనైనా చదువుకుందామని మూడు రోజులుగా బల్ల ముందు కూర్చుంటున్నాను. చేతులు రావడం లేదు.

ఐనార్